క్యారియర్ల బాబాయి

పోయిన ఆదివారం బావి దగ్గర బట్టలు పిండుతుంటే, రొంపిచెర్ల నుంచి మిరపకాయలు తోలుకొచ్చిన బండాయన వీధిలో ఆగి, మీ క్యారియర్లాయన పోయాడమ్మా అని చెప్పి ఎడ్లను అదిలించుకుని వెళ్ళిపోయాడు. ముందురోజు సాయంత్రం ప్రాణం పోయిందట. పొద్దున్నే దహనం కూడా అయిపోయిందట. కొడుకు దగ్గరే పోయాడు, పెద్దగా బాధపడలేదు అన్నాడు గానీ, బాధపడ్డాడో లేదో బండి తోలేవాడికి ఎట్లా తెలుస్తుంది? పిండిన చీర మళ్ళీ నీళ్ళలో పడేసి ఆ చప్టా మీదే కూలబడ్డాను. ఏడుపు రాలేదు. ఆయన కోసం ఏడవాల్సిన ఏడుపంతా ఆయన మీద కోపంగా ఎప్పుడో ఖర్చయిపోయింది కాబోలు.

ఈ పత్రిక చదివేవాళ్ళకు ఆయన ఎవరో తెలియదు. సభల్లో దండలు వేయించుకున్న మనిషి కాదు. నరసరావుపేటలో మా వీధి చివర పెంకుటింట్లో ఉండేవాడు. చుట్టరికం ఏమీ లేదు. నేను బాబాయి అనేదాన్ని, మా పిల్లలు తాత అనేవాళ్ళు, ఆయన నన్ను అమ్మాయ్ అనేవాడు. ఒకప్పుడు స్టేషను దగ్గర జట్కా తోలేవాడు. గుర్రం చచ్చిపోయింది. యుద్ధం రోజుల్లో ఇంకోదాన్ని కొని మేపే తాహతు లేక జట్కాను దొడ్లోనే వదిలేశాడు. దాని మీద కోళ్ళు పడుకునేవి.

ఆ రోజుల్లోనే, సముద్రపొడ్డున బాంబులు పడతాయన్న భయంతో విశ్వవిద్యాలయాన్ని గుంటూరుకు తెచ్చారు. పల్నాటివాళ్ళం పొంగిపోయాం. అంత పెద్ద చదువు రైల్లో పూటలో పోయి వచ్చేంత దగ్గరికి వచ్చిందంటే మాటలా! మా తమ్ముడు ఆనర్సులో చేరాడు. వాడికి ఊహ తెలియకముందే మా అమ్మ పోయింది. మా నాన్న మాచవరం దగ్గర మెట్టచేను పట్టుకుని వేళ్ళాడుతున్నాడు. వాణ్ణి నేను తెచ్చుకుని పేటలో చదివించాను. నాకు పిల్లలు లేరు. ఇంకేమీ దాచకుండా చెప్పాలంటే నాకున్నదల్లా వాడే.

విశ్వవిద్యాలయం వాళ్ళు పిల్లల్ని గాలికి వదిలేశారని నేను అనను. ఉండటానికి హాస్టలుంది. మంచి చెడ్డా చూడటానికి వార్డెను ఉన్నాడు. జబ్బు చేస్తే ఊరికే చూసే డాక్టరున్నాడు. లేనివాళ్ళకు ఫీజు మాఫీ ఉంది. దిగులు పడ్డ పిల్లవాణ్ణి కూర్చోబెట్టి మాట్లాడేందుకు ఒక మేష్టారిని కూడా పెట్టారు. అన్నీ ఉన్నాయి. మా పిల్లలు వాటి గడప తొక్కేవాళ్ళు కారు, అదీ చిక్కు. మావాడికి ఆకలేస్తే ఆకలని చెప్పడు. ఫీజు మాఫీకి దరఖాస్తు పెడితే ఊళ్ళో నాన్న తలపాగా కింద పడ్డట్టే అనుకుంటాడు. ఒళ్ళు కాలిపోతున్నా కోస్తా పిల్లల ముందు నిటారుగా నిలబడి, ఏం లేదండీ అంటాడు. దీన్ని మేం పౌరుషమని మురిసిపోతాం. నాకిప్పుడు ఆ మాట వింటే ఒళ్ళు మండుతుంది.

రేషను రోజులు. హాస్టల్లో పెట్టే తిండి ఎదిగే పిల్లలకు ఏ మూలకూ చాలదు. ఇంటి నుంచి పంపుదామంటే ఎవరు తీసుకుపోతారు? అప్పుడు బాబాయి, నేను పోతాను అన్నాడు. మా చుట్టుపక్కల ఇళ్ళు పదీ పన్నెండు కలిసి ఆయనకు రైలు సీజను టిక్కెట్టు తీసిచ్చాయి. పొద్దున బండికి కావడికి అటూ ఇటూ క్యారియర్లు తగిలించుకుని ఎక్కేవాడు. ఆయనకు చదువు రాదు. ఏది ఎవరిదో తెలియటానికి పిడులకు రంగురంగుల గుడ్డపేలికలు కట్టుకున్నాడు. మాది పసుపు పేలిక. పిల్లలు తినేదాకా అక్కడే వరండాలో కూర్చుని, ఖాళీ క్యారియర్లతో మధ్యాహ్నం బండికి తిరిగి వచ్చేవాడు.

రైలుపెట్టెలో చోటున్నా బెంచీ మీద కూర్చునేవాడు కాదట. క్యారియర్ల మధ్య కిందనే చతికిలబడి, ఎవరి కాలూ తగలకుండా చేతులు చాపి కాపలా కాసేవాడట. ఎవరైనా నవ్వితే, ఇది పిల్లల అన్నమయ్యా, నీ బూటు కాలు అవతల పెట్టుకో అని కసిరేవాడు. మా గుమ్మంలోకి వస్తే పిలిచేవాడు కాదు. గొంతు సవరించుకుని నిలబడేవాడు. క్యారియరు చేతికివ్వగానే ఒకసారి పైకెత్తి చూసేవాడు. బరువు తగ్గితే ఊరుకునేవాడు కాదు. "ఏందమ్మాయ్, ఇయ్యాల ఇంత తేలిగ్గా ఉంది? ఆడు చదివేది పెద్ద చదువు. ఇంకో గరిటె పెట్టు" అని మళ్ళీ లోపలికి పంపేవాడు. మా తమ్ముడు మొదట్లో జొన్నన్నం తేవద్దని ఆయనతో అన్నాడట. పక్కవాళ్ళు చూస్తారని సిగ్గు. బాబాయి నాకు ఆ సంగతి చెప్పకుండా, అక్కడి వరండాలో వాడి పక్కన కూర్చుని తన మూటలోంచి జొన్నరొట్టె తీసి దర్జాగా తిన్నాడట. నెల తిరిగేసరికి కృష్ణా అవతలి పిల్లలు కూడా మావాడి జొన్నన్నంలోకి, గోంగూరలోకి చేతులు పెట్టటం మొదలుపెట్టారు. వాడే నవ్వుతూ చెప్పాడు.

సాయంత్రం ఆయన వీధిలోకి వచ్చే వేళకు ఆడవాళ్ళం గుమ్మాల్లో ఉండేవాళ్ళం. ఒక్కొక్క ఇంటి ముందు ఆగి ఖాళీ క్యారియరు ఇచ్చి, "తిన్నాడమ్మా" అనేవాడు. అంతే. ఆ ఒక్క మాట కోసమే ఆ కాసేపూ పని మానుకుని నిలబడేవాళ్ళం. ఇంకా ఏమన్నా చెప్పమని బతిమాలితే, తినేవాడు చదువుతాడు, నాకు తెలిసింది అంతవరకే అని నవ్వి వెళ్ళిపోయేవాడు.

నిజానికి ఆయనకు చాలా తెలుసు. పిల్లలు ఇంట్లో చెప్పుకోలేనివన్నీ ఆయనకు చెప్పుకునేవాళ్ళు. మాచర్ల కుర్రాడొకడు ఒక పరీక్ష తప్పి, తండ్రికి మొహం చూపించలేక పట్టాళంలో చేరిపోదామని బయల్దేరాడు. బాబాయి వాణ్ణి స్టేషన్లో పట్టుకుని, చెయ్యి వదలకుండా తీసుకుపోయి ఆ మాట్లాడే మేష్టారి ముందు కూర్చోబెట్టి, తను తలుపు దగ్గర కూర్చున్నాడు. వాడు మళ్ళీ రాసి గట్టెక్కాడు. వాడి తండ్రికి ఇప్పటికీ తెలియదు. ఇంకొకడికి చెవిలో చీము పట్టి నిద్రపోవటం లేదని కనిపెట్టి డాక్టరు దగ్గరికి తోసుకుపోయాడు. ఫీజు కట్టలేనివాణ్ణి వార్డెను గదికి పంపి, నువ్వు సిగ్గుపడితే నేనే అడుగుతాను, నాకు సిగ్గు లేదులే అన్నాడట. విశ్వవిద్యాలయం పెట్టిన సాయాలకూ మా పిల్లలకూ మధ్య ఉన్న నాలుగు గజాల దూరాన్ని ఆయనే నడిపించేవాడు.

తమ్ముడి నోట ఇవి విని ఒకసారి నేను కోపంగానే అడిగాను, ఇవన్నీ మాకు ముందుగా ఎందుకు చెప్పవని. ఆయన కావడి దించకుండానే జవాబు చెప్పాడు.

"ఇంట్లో చెప్పుకోలేకనే గదమ్మాయ్ నాకు చెప్తన్నారు. అది నేను మళ్ళీ ఇంట్లోకే మోస్తే, రేపటి నుంచి ఆళ్ళు ఎవరికి చెప్పుకుంటారు?"

నాకు ఆ జవాబు నచ్చింది. కోర్టులో పనిచేసే మా ఆయనకు కూడా చెప్పి, చూశారా, కోర్టులో మీ ప్లీడర్లకు కూడా ఇంత కట్టుబాటు ఉండదు అన్నాను.

ఇక అసలు సంగతి. దీన్ని రాయలేకనే ఇంతసేపు దాని చుట్టూ తిరిగాను.

తమ్ముడి ఆఖరి సంవత్సరం. పరీక్షలు దగ్గరపడుతున్నాయి. సంక్రాంతికి కూడా, చదువుకోవాలి, రానని కబురు పంపాడు. ఆ తర్వాత కొన్నాళ్ళకు వాడికి సాయంత్రం వేళ సన్నగా జ్వరం, పొడిదగ్గు మొదలయ్యాయి. అన్నం సహించదు. డాక్టరు దగ్గరికి పోతే ఛాతీ జబ్బు అంటాడని, ఇంటికి పంపేస్తారని, ఏడాదంతా పోతుందని వాడి భయం. ఇన్నేళ్ళు పెంచిన అక్కకు డిగ్రీ చూపించకుండా ఒట్టి చేతులతో ఎట్లా వచ్చేది అని ఆలోచించాడట. వెధవ, నాకు డిగ్రీ ఎందుకురా?

బాబాయిని చెయ్యి చాపమన్నాడు. పరీక్షలయ్యేదాకా అక్కకు గానీ, వార్డెనుకు గానీ, ఎవరికీ చెప్పనని చేతిలో చెయ్యి వేయించుకున్నాడు. మా వైపు అట్లా చెయ్యి వేస్తే అది కోర్టు కాగితం కంటే గట్టిది. చెయ్యి వేసి మాట తప్పినవాడికి పదిమందిలో కూర్చునే మొహం ఉండదు. బాబాయి కూడా అది చదువు వేడి అనుకున్నాడు. దీపం దగ్గర కళ్ళు పొడుచుకుంటే ఒంట్లో వేడి చేస్తుందని, మజ్జిగా సగ్గుబియ్యం జావా తాగితే తగ్గుతుందని నమ్మాడు. గుంటూరు స్టేషన్లో బత్తాయిలు కొని వాడికి ఒలిచి పెట్టేవాడట. డాక్టరు దగ్గరికి పోదాం పదరా అని రోజూ అనేవాడట. పరీక్షలవనీ తాతా అని రోజూ వాడనేవాడట.

క్యారియరు నిండుగా తిరిగివస్తే నాకు తెలిసిపోతుంది. అందుకని బాబాయి, వాడు తినని అన్నం గుంటూరు స్టేషను బయట బిచ్చగాళ్ళకు పెట్టి, ఖాళీ చేసి, మా గుమ్మంలో నాకు అందించి, "తిన్నాడమ్మా" అనేవాడు. నేను పొంగిపోయి మర్నాడు ఇంకాస్త నెయ్యి వేసేదాన్ని. చింతచిగురు దొరికిన రోజున పప్పులో వేసి, వాడికి ఇష్టం, వేడిగా తినిపించు బాబాయ్ అని చెప్పాను. సరేనమ్మాయ్ అన్నాడు. ఆ చింతచిగురు పప్పు స్టేషను మెట్ల మీద ఎవరు తిన్నారో. తిన్నవాళ్ళు చల్లగా ఉండనీ, వాళ్ళ మీద నాకేమీ లేదు.

పరీక్షలు ఇంకా వారం ఉన్నాయనగా ఒక పొద్దున ఆయన కావడి లేకుండా వచ్చాడు. గొంతు సవరించుకోలేదు. గడప దాటి ఎప్పుడూ రానివాడు వంటింటి దాకా వచ్చి నిలబడ్డాడు.

"నేను మాట తప్పుతన్నానమ్మాయ్. పిల్లోడు నిన్న రగతం కక్కాడు. చానా రోజుల నుంచి తిండి లేదు. నువ్వు బయల్దేరు."

పొయ్యి మీద అన్నం ఉడుకుతూనే ఉంది. దాన్ని అట్లాగే వదిలేసి అదే బండికి పోయాను. దారి పొడుగునా ఆయన నా ఎదురుగా కిందనే కూర్చున్నాడు, ఖాళీ చేతులతో. నేను ఆయన మొహం చూడలేదు. హాస్టల్లో మంచం మీద పడుకున్నది మావాడని నేను పోల్చుకోవటానికి కొంతసేపు పట్టింది. వార్డెను గారు పరుగెత్తారు. డాక్టరు వెంటనే వచ్చాడు. చాలా మంచివాడు, చిన్నవయసువాడు. వీణ్ణి ముందే నా దగ్గరికి తెస్తే అని మొదలుపెట్టి, నన్ను చూసి మాట మింగేశాడు. పెద్దాసుపత్రిలో చేర్చాం. మా తమ్ముడు నాతో మాట్లాడింది తక్కువ. తాతను ఏమీ అనమాకు అక్కా, నేనే చెయ్యేయించుకున్నాను అన్నాడు. పరీక్షలు మొదలయ్యే రోజు పొద్దున పోయాడు. ఏ పరీక్ష కోసం అంతా దాచాడో, ఆ పరీక్ష హాల్లో వాడి కుర్చీ ఖాళీగా ఉంది.

వాడు అనవద్దన్నాడు గానీ నేను అన్నాను. నడివీధిలో, అందరూ వింటుండగా అన్నాను. నా తమ్ముడి నోటి దగ్గర కూడు కుక్కలకు వేసి నాకు అబద్ధం అమ్మావన్నాను. సొంత బాబాయిలా నమ్మితే గొంతు కోశావన్నాను. ఆయన కుక్కలకు కాదమ్మా అని కూడా అనలేదు. తల వంచుకుని, నేను అలిసిపోయేదాకా అక్కడే నిలబడి, తర్వాత ఇంటికి పోయాడు. ఆ మాటల్లో వెనక్కి తీసుకోవాలనిపించే మాట నాకు ఇప్పటికీ ఒక్కటీ కనపడదు. అట్లాగని ఆయన్ని చెడ్డవాడని అనుకోగలనా అంటే, అదీ చేతకాదు. మాచర్ల కుర్రాణ్ణి బతికించిందీ ఆ నోరు విప్పని గుణమే, నా తమ్ముణ్ణి తీసుకుపోయిందీ అదే. దీన్ని ఎన్నిసార్లు తిప్పి చూసినా నాకు దారి కనపడలేదు.

తర్వాత జరిగింది ఇంకా అన్యాయం. ఇళ్ళల్లో ఆయన మాట చెల్లటం మానేసింది. సాయంత్రం "తిన్నాడమ్మా" అంటే, నిజంగా తిన్నాడా, ఒట్టు పెట్టు అని అడిగేవాళ్ళట తల్లులు. ఒట్టు పెట్టేవాడట, పాపం. ఒకరి తర్వాత ఒకరు పేలికలు విప్పేసి క్యారియర్లు లోపల పెట్టుకున్నారు. కొందరు పిల్లల్ని మధ్యలోనే ఇంటికి తీసుకొచ్చేశారు. నూజెండ్ల వైపు నుంచి వచ్చి ఇక్కడ మేనమామ ఇంట్లో ఉన్నవాడొకడు, లెక్కల్లో దిట్ట, ఇప్పుడు మిల్లులో బస్తాలు తూయిస్తున్నాడు. వాణ్ణి చూసినప్పుడల్లా మా ఇంటి దుఃఖం మా ఇంట్లోనే ఆగలేదని గుర్తొచ్చి, తల తిప్పుకుని పోతాను.

ఒక ఏడు గడిచాక పక్కింటావిడ కొడుకు చేరాడు. ఆవిడ నన్ను వెంటబెట్టుకుని బాబాయి దగ్గరికి వెళ్ళింది. నేను వస్తే ఒప్పుకుంటాడని ఆవిడ ఆశ. ఆయన జట్కా కమ్మీ పట్టుకుని కూర్చుని ఉన్నాడు. మనిషి సగమయ్యాడు. ఆవిడ చెప్పింది విని, నా వైపు చూసి, "అన్నం మొయ్యగలనమ్మాయ్, కావడి ఇంకా లేపగలను. సాయంత్రం వచ్చి చెప్పే మాట ఒకటుందే, అది ఇంక నా వల్ల కాదు" అన్నాడు. నేను ఏదో ఒకటి అనాల్సింది. పక్కింటావిడను తీసుకుని వచ్చేశాను. ఆ నెలలోనే కొడుకు వచ్చి రొంపిచెర్ల తీసుకుపోయాడు.

యుద్ధం ముగిసింది. విశ్వవిద్యాలయం మళ్ళీ సముద్రపొడ్డుకు వెళ్ళిపోయింది. అక్కడ ఇప్పుడు పిల్లలకు ఇంకా మంచి ఏర్పాట్లు ఉన్నాయంటున్నారు. ఉండనీ, సంతోషం. మా పల్నాటి పిల్లవాడు అక్కడ కూడా ఒళ్ళు కాలుతుంటే ఏం లేదండీ అనే అంటాడు. వాడి చెయ్యి పట్టుకుని డాక్టరు గుమ్మం దాకా ఎవరు లాక్కుపోతారు? నాకు ఎవరూ కనపడటం లేదు. ఉన్న ఒక్క మనిషీ ఇట్లా అయిపోయాడు.

చిన్నదినం నాడు రొంపిచెర్ల పోయాను. ఊరి బయట వాగు ఒడ్డున మోదుగు విస్తట్లో అన్నం, జొన్నరొట్టె, గోంగూర పెట్టి, పక్కన ఒక చుట్ట కూడా పెట్టి, కాకి కోసం అందరూ దూరంగా జరిగారు. తుమ్మచెట్టు మీద కాకులు చాలా ఉన్నాయి. ఒకటి కిందికి దిగింది. విస్తరి దాకా గెంతుకుంటూ వచ్చింది. ముట్టలేదు. కొడుకు ముందుకు వచ్చి, చెల్లెలికి ఏ లోటూ రానివ్వను నాన్నా అన్నాడు. కోడలు ఏదో మొక్కుకుంది. కాకి అటూ ఇటూ చూసి మళ్ళీ చెట్టెక్కింది. ఎండ ముదురుతోంది. ఒక ముసలమ్మ నా దగ్గరికి వచ్చింది.

"పేటమ్మాయివి నువ్వేగా. మంచాన పడ్డాక నీ మాటే అన్నాడమ్మా. నువ్వొక మాట చెప్పు. పోనీ పాపం."

అందరూ నన్నే చూస్తున్నారు. నేను విస్తరి ముందుకు వెళ్ళి, బాబాయ్, నా మనసులో ఏమీ లేదు, తిను అన్నాను. గట్టిగానే అన్నాను. అది నిజమో కాదో నాకు తెలియదు, నిజం కావాలని మాత్రం ప్రాణం పెట్టి కోరుకున్నాను. చాలాసేపు నిలబడ్డాం. ఒక్క కాకీ దిగలేదు.

చివరికి ఇంక లాభం లేదని కొడుకు విస్తరి ఎత్తి వాగులో వదిలాడు. వెనక్కి చూడకూడదంటూ అందర్నీ ఊరివైపు మళ్ళించారు. నేను చూశాను. వాగులో నీళ్ళు చీలమండ దాకా కూడా లేవు. విస్తరి కొంచెం కదిలి ఒక రాయికి తట్టుకుని ఆగిపోయింది. దాని అంచు మీదుగా మెతుకులు కొన్ని కొన్నిగా జారి నీళ్ళలో పోతున్నాయి.